దవడ కింద పోగు

నా మెడ కోయడానికి రోజు కూడా ఖాయమైంది. వచ్చేవారం గురువారం, పొద్దున తొమ్మిది గంటలకు, జగిత్యాలలో. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు నిండి నెల కూడా కాలేదు.

అది తొంభై ఒకటో సంవత్సరం ఎండాకాలం. సిరిసిల్లలో మేముండే వాడలో మాట వినబడాలంటే గొంతు పెంచాల్సిందే. ఎటు చూసినా సాంచెల మోత. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచె అంటారు. మా బాపు వెంకటేశం శంకరయ్య సేటు షెడ్డులో నాలుగు సాంచెలు నడిపేవాడు. మా అమ్మ, మా మాటలో అవ్వ, బీడీలు చుట్టేది. బాపును కన్నతల్లి లచ్చవ్వ, అంటే మా బాపమ్మ, మా అందరినీ నడిపేది.

నేను నాడెలు ఎక్కించేదాన్ని.

నాడె అంటే సాంచె మీద అటూ ఇటూ పరుగెత్తే కట్టెముక్క. దాని కడుపులో నూలు చుట్టిన కండె ఉంటుంది. కండె అయిపోగానే కొత్తది పెట్టి, నూలు కొసను నాడె పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి బయటికి తీయాలి. ఆ రంధ్రంలో వేలు పట్టదు. పెదాలు ఆనించి గట్టిగా పీలిస్తే పోగు చప్పున నోట్లోకి వస్తుంది. పెద్దవాళ్లు రెండు మూడుసార్లు పీల్చేవాళ్లు. నాకు ఒక్కసారికే వచ్చేది.

"నా బిడ్డది నోరు గాదు, మిషిని" అని బాపు షెడ్డులో అందరికీ చెప్పి మురిసేవాడు.

ఉగాది దాటిన వారానికి షెడ్డు గోడ మీద ఎర్ర అక్షరాల కాగితం కనిపించింది. పిల్లలను సాంచెల మీద పెట్టే ఆసాములకూ, పంపే తల్లిదండ్రులకూ ప్రజాకోర్టులో శిక్ష తప్పదని దాని సారాంశం. కింద అన్నల పేరు, అంటే నక్సలైట్లది. శంకరయ్య సేటు దాన్ని గీకి, నీళ్లలో నానబెట్టి, ముద్ద చేసి మురికినీళ్ల మోరీలో తొక్కాడు. పోలీసులు చూస్తే ఎవరు అంటించారని షెడ్డులోని మగవాళ్లందరినీ పట్టుకుపోతారు. అన్నలు చూస్తే ఎవరు చింపారని అడుగుతారు. ఎవరూ చూడకముందే అది లేకుండా పోవాలి.

తర్వాత సేటు నన్ను పిలిచాడు.

"రేపటి సంది చేతుల సద్దిగిన్నె పట్టుకొని రావాలె. ఎవలన్న అడిగితె ఏమంటవ్?"

"బాపుకు బువ్వ తెచ్చిన అంట."

"పొద్దటి సంది ఈడనే ఉన్నవేంది అంటె?"

"బాపు ఇంక తినలే అంట."

సేటు పకపకా నవ్వాడు. "వెంకటేశం, నీ బిడ్డ వకీలైతది పో!"

బాపు నవ్వలేదు. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ నా భుజం పట్టి ఆపాడు. "పాణం పోయినా సరే, సాంచెల ముచ్చట బయట ఎత్తొద్దు. ఎవల దగ్గరా." బాపు నాతో అంత మెల్లగా మాట్లాడటం అదే మొదలు. అందుకే భయమేసింది.

ఆ వారంలోనే నా ఎడమ దవడ కింద వాపు వచ్చింది.

మా వాడకు ఆర్ఎంపీ నర్సయ్య వచ్చాడు. గుమ్మం దాటకుండానే నన్ను చూశాడు. "గవదబిళ్లలు. దగ్గరికి రానియ్యకుండ్రి, అంటుకుంటది" అని గోలీలు బాపమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. బాపమ్మ పసుపూ సున్నమూ కలిపి దవడకు పట్టు వేసింది. గడ్డం కిందినుంచి నెత్తి మీదికి గుడ్డ కట్టింది. ఆపైన తీర్పు చెప్పింది.

"పులుపు బందు. చింతపండు లేదు, మామిడికాయ లేదు, పెరుగు లేదు. నాలికకు తాకిందంటె దవడ పగుల్తది."

ఐదు రోజులకు వాపు తగ్గింది. పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది.

"అప్పుడు సగం అచ్చినయ్, ఇప్పుడు మిగిలిన సగం" అన్నాడు నర్సయ్య. ఈసారి గోలీల రంగు మారింది.

మూడోసారి వాపుతోపాటు జ్వరం వచ్చింది. దవడ ఎముక లోపలివైపు ఏదో గింజలా గట్టిగా తగిలింది. ఎడమవైపుకు పడుకోలేకపోయేదాన్ని. ఆ మూడుసార్లలో ఒక్కరూ నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. వాపు పొద్దంతా ఒకేలా ఉండదు. ముద్ద నోట్లో పెట్టగానే దవడ కింద ఎవరో గాలి ఊదినట్టు ఉబ్బుతుంది. తిన్నాక గంటకో రెండు గంటలకో తగ్గుతుంది. ఆ నొప్పికి భయపడి నేను తినడమే తగ్గించాను. పిల్లకు రోగంతో ఆకలి చచ్చిందనుకున్నారు ఇంట్లో.

*

జగిత్యాలకు అవ్వా నేనూ మాత్రమే వెళ్లాం. సిరిసిల్ల మగవాడు ఆ దారిలో బస్సెక్కితే ఇంటికి ఎప్పుడొస్తాడో చెప్పలేని రోజులవి. ఆడమనిషీ పిల్లా అయితే పోలీసులు దింపరు. పైగా నా మొహం చుట్టూ గుడ్డ చూసి పక్క సీట్లలో వాళ్లు లేచి వెనక్కి పోయారు. వేములవాడలో కిక్కిరిసి ఎక్కిన యాత్రికులు కూడా మా సీటు జోలికి రాలేదు. అవ్వ కాళ్లు చాపుకొని, "గీ రోగంతోని గింత సుఖమన్న అయింది" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే దవడ నొచ్చింది.

జగిత్యాల డాక్టర్ నా మెడ చూశాడు గానీ మొహం చూడలేదు. నొక్కాడు, నేను అరిచాను, కాగితం మీద రాశాడు.

"గ్రంథి పాడైంది. కోసి తీసేయాలి. టీబీ గడ్డ కూడా కావచ్చు, తీస్తేగానీ తెలియదు. వచ్చేవారం గురువారం తీసుకురా."

"మచ్చ పడ్తదా సారూ?" అంది అవ్వ.

"ఇంత" అని తన మెడ మీదే వేలితో గీత గీసి చూపించాడు. ఆ గీత చెవి కిందినుంచి గడ్డం దాకా వచ్చింది.

అవ్వ సిరిసిల్ల బస్సెక్కలేదు. కోరుట్లలో ఉన్న చెల్లెలు రాజక్క దగ్గరికి తీసుకుపోయింది. చిన్నమ్మ బీడీల చాట పక్కకు నెట్టి అంతా విన్నది.

"మెడ కోసెటాయిన ఏడికి వోడు గని అక్కా, కొయ్యకముందు మా గొంతు డాక్టర్‌కు ఒక్కపారి సూపియ్యరాదు? దేవదాసు సారు. ముసలాయిన. మస్తు తిడ్తడు. గని మంచిగ సూస్తడు."

*

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. ఒకటే గది. డాక్టర్ బల్ల, ఒక కుర్చీ, గోడవారగా బెంచీ. బెంచీ మీద ఒక మనిషి కళ్లు తప్ప మొహమంతా తువాల చుట్టుకొని కూర్చున్నాడు. కాళ్లకు దుమ్ము, పక్కన సంచి. అవ్వ అతన్ని చూసి నన్ను రెండోవైపుకు జరుపుకుంది. అడవిలోంచి వచ్చిన అన్న అనుకుందని నాకు తెలిసింది. నేనూ అదే అనుకున్నాను.

దేవదాస్ సారు కళ్లద్దాల మీదినుంచి చూశాడు. "ఏమైంది?"

"పిల్లకు మూడుపార్ల గవదబిళ్లలు సారూ..."

"ఆగు. వాపు నీకా, పిల్లకా?"

"పిల్లకే."

"మరి పిల్లనే చెప్పనీ. పేరేంది?"

"సుమిత్ర."

"ఎప్పుడు ఉబ్బుతది సుమిత్రా?"

రెండు నెలల్లో మొదటిసారి ఎవరో నన్ను అడిగారు. నేను గుక్కతిప్పుకోకుండా చెప్పాను. బువ్వ తింటే ఉబ్బుతుందనీ, తినకపోతే ఉబ్బదనీ, పచ్చిమామిడికాయ వాసన చూసినా దవడ లాగుతుందనీ. అవ్వ నోరు తెరుచుకొని నా వంకే చూసింది. "గిది నాకెందుకు చెప్పలేదే?" అంది.

"నువ్వు అడగలె."

డాక్టర్ సొరుగులోంచి నిమ్మకాయ తీసి బద్ద కోశాడు. "నాలిక మీద పెట్టుకో."

"అయ్యో సారూ, పులుపు!" అవ్వ అడ్డం వచ్చింది. ఆయన కసిరాడు.

నిమ్మబద్ద పెట్టుకొని నాలుక పైకి లేపమన్నాడు. లైటు వేసి చూశాడు. అవ్వను కూడా దగ్గరికి పిలిచి చూపించాడు. నాలుక కింద కుడివైపు ఊట ఊరుతోంది. ఎడమవైపు చుక్క లేదు. రెండు నిమిషాలకల్లా నా ఎడమ దవడ కింద నిమ్మకాయంత వాపు లేచింది. అవ్వ వంగి దాన్ని వేలితో తాకి చూసింది.

"గవదబిళ్లలైతె చెవి కింద ఉబ్బి చెవితమ్మెను పైకి లేపుతయ్. వారమో పదిరోజులో ఉండి పోతయ్. బువ్వ టైముకు అచ్చి బువ్వ టైముకు పోవు. టీబీ గడ్డకు బువ్వతోని పనే లేదు" అంటూనే ఆయన చేతికి తొడుగు వేసుకొని, ఒక వేలు నా నాలుక కింద పెట్టి, రెండో చేత్తో దవడ కిందినుంచి పైకి నొక్కాడు. రెండు వేళ్ల నడుమ ఏదో దొరికినట్టు ఆగాడు.

"ఇగో. దవడ కింద ఉమ్మి తయారయ్యే గ్రంథి ఉంటది. దాన్నుంచి నాలిక కిందికి సన్నటి పైపు. ఆ పైపుల రాయి అడ్డం వడ్డది. తింటె ఉమ్మి ఊరుతది, పోయే తొవ్వ లేదు. అందుకే ఉబ్బుతంది. నిలిచిన ఉమ్మి చీము వట్టింది, అందుకే జ్వరం."

"మెడ కొయ్యాల్నా సారూ?"

"రాయి ముందలికే ఉన్నది. చీము తగ్గినంక నోట్లనుంచే తీయొచ్చు." ఆయన తొడుగు తీసేసి కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. "గని ఒక్కటి. తొమ్మిదేండ్ల పిల్లకు ఇది అచ్చుడు చాన తక్కువ. ఎందుకచ్చిందో తెల్వాలె. తెల్వకుంట రాయి తీస్తె మల్ల అస్తది. గట్ల మల్లమల్ల అస్తె గ్రంథి మొత్తం ఖరాబైతది. అప్పుడు జగిత్యాలల చెప్పిందే దిక్కు. నోట్ల ఏం పెట్టుకుంటవ్ బిడ్డా? గడ్డిపోచనా? పుల్లలా?"

"ఏం పెట్టుకోదు సారూ" అంది అవ్వ వెంటనే. ఆమె చెయ్యి నా చేతిని గట్టిగా నొక్కింది.

డాక్టర్ అవ్వ వంక చూడలేదు. నా పెదాలు చూస్తున్నాడు. కింది పెదవి నడుమ కాయ కాసినట్టు ఒక గట్టి మచ్చ ఉండేది నాకు.

"నేను పిల్లను అడుగుతున్న."

బెంచీ మీది తువాల మనిషి కదిలాడు. నా వెనకే ఉన్నాడు. నాకు గోడ మీది ఎర్ర అక్షరాలు గుర్తొచ్చాయి. పంపే తల్లిదండ్రులకూ, అని ఉంది అందులో. బాపును ఏదో చెరువుకట్ట మీద నిలబెట్టి అందరి ముందు అడుగుతున్నట్టు కనిపించింది. జగిత్యాల డాక్టర్ తన మెడ మీద గీసుకున్న గీత కూడా కనిపించింది. అవ్వ గోళ్లు నా అరచేతిలో దిగాయి.

బల్ల మీద ట్రేలో సూదీ, లోపలి కడ్డీ తీసేసిన గాజు సిరంజి ఉంది. పక్కనే కుట్లు వేసే దారం. నేను అవ్వ చేయి విడిపించుకున్నాను. దారం కొసను సిరంజి గొట్టంలో వేసి, రెండో చివరనున్న చిన్న మూతికి పెదాలు ఆనించి పీల్చాను. దారం చప్పున నోట్లోకి వచ్చింది.

డాక్టర్ కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"నాడెలు" అన్నాను. "సాంచెల మీద. బాపుకు నేనే ఎక్కిస్త."

"ఒక కండె ఎంతసేపు అస్తది?"

"ఐదారు నిమిషాలు."

"ఎన్ని సాంచెలు?"

"నాలుగు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు నా వెనక నుంచి తువాల మనిషి గొంతు వినిపించింది.

"ఎవల షెడ్డు బిడ్డా?"

అవ్వ లేచి నిలబడింది. నన్ను తన వెనక్కి లాక్కుంది. "అన్నా, నీ కాళ్లు మొక్కుత. పిల్లకు తెల్వది, ఏదో అంటున్నది. మా ఆయినను ఏమనకున్రి."

అతను తువాల విప్పాడు. కుడి చెంప పుండులా ఎర్రగా ఉంది. పంటి వాపు. యాభై ఏళ్ల రైతు మొహం, అవ్వకంటే ఎక్కువ బెదిరిన మొహం.

"నేనేమంటనమ్మా? మాది మల్యాల. పేరు మొండయ్య. మా చిన్నబిడ్డ గూడ మీ సిరిసిల్లలనే, మా చెల్లె ఇంట్ల ఉన్నది. బడికి పంపుతున్న అని ఊర్లె చెప్పుకుంటున్న." అతను దవడ పట్టుకొని ఆగాడు. "మొన్న వోతె దాని గొంతు గూడ గిట్లనే ఉబ్బి ఉండె. గవదబిళ్లలన్నరు. అందుకే అడిగిన, ఇద్దరిదీ ఒక్క షెడ్డేనేమో అని."

"నువ్వు ఆ పిల్లను తోల్కరా" అన్నాడు డాక్టర్. "ముందుగాల నోరు తెరువు, నీ పన్ను సూస్త."

*

ఎనిమిది రోజులకు సరిపడా మందు ఇచ్చి, వచ్చే గురువారం రాయి తీస్తానన్నాడు. బిందెడు నీళ్లు తాగమన్నాడు. పూటకోసారి నిమ్మబద్ద చప్పరించమన్నాడు. దవడ కిందినుంచి గడ్డం వైపుకు మెల్లగా నెట్టుతూ రోజుకు నాలుగుసార్లు పిసకమన్నాడు.

ఇంట్లో యుద్ధం మొదలైంది.

"పులుపా! గా డాక్టర్ పిల్లను సంపుతడా?" అంది బాపమ్మ.

"పులుపు పెడితెనే ఉమ్మి కదుల్తదట అత్తా. లేకుంటె లోపల నిలిచి మురుగుతదట."

"నలుగురు పిల్లలను సాదిన నాకు ఉమ్మి ముచ్చట చెప్పవడితివా?" అని బాపమ్మ మూలకు తిరిగి కూర్చుంది. కానీ నేను నిమ్మబద్ద చప్పరించేటప్పుడు ఓరకంట నా దవడే చూసేది.

బాపు ఆ రాత్రి ఒక్కటే అడిగాడు. "ఎవలెవలు విన్నరు?"

"ఒక మొండయ్య. ఆయన బిడ్డ గూడ సాంచెల మీదనే ఉన్నది. నన్ను సూసి ఆయనకు భయం, ఆయనను సూసి నాకు భయం" అంది అవ్వ.

బాపు నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. తెల్లారి షిఫ్టుకు పోయేముందు నా పక్కన కూర్చొని, బొటనవేలు నా దవడ కింద పెట్టాడు. నూలుకు రాసుకొని రాసుకొని బండబారిన వేలు. తెగిన పోగును ముడి వేసేటప్పుడు పట్టుకున్నంత మెత్తగా ముందుకు జరిపాడు. "నొస్తందా?" అన్నాడు. కొంచెం అన్నాను. ఆ ఎనిమిది రోజులూ పిసకడం బాపు పనే. నన్ను షెడ్డుకు రమ్మనలేదు, రావద్దనలేదు.

గురువారం పొద్దున బస్టాండులో అవ్వ టికెట్టు తీస్తుంటే బాపు వచ్చి మా పక్కన నిలబడ్డాడు.

"నువ్వెటు?" అంది అవ్వ.

"నేను గూడ అస్త."

రుద్రంగి దాటాక పోలీసులు బస్సు ఆపారు. మగవాళ్లందరినీ దింపి ఎండలో వరుసగా నిలబెట్టారు. అంగీ విప్పించి భుజాల మీద తుపాకీ బెల్టు రాసుకున్న మచ్చలున్నాయేమో చూశారు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్నాను.

"ఏం పని జేస్తవ్?"

"సాంచెల పని సార్. సిరిసిల్ల."

"ఎటు పోతున్నవ్?"

"కోరుట్ల. బిడ్డను దవాఖానకు తోల్కపోతున్న."

"ఏమైంది బిడ్డకు?"

గవదబిళ్లలు అంటే సరిపోయేది. జవాను రెండడుగులు వెనక్కి వేసి పొమ్మనేవాడు. బాపు అంగీ చేతిలో పట్టుకొని కిటికీలో ఉన్న నా వైపు చూశాడు.

"నాతోని సాంచెల మీద నాడెలు పీల్చిపీల్చి దవడల రాయి వడ్డది సార్."

"దవడల రాయా?" జవాను నవ్వాడు. తర్వాత కిటికీలో నన్ను చూశాడు. నవ్వు ఆపి, "పో, ఎక్కు" అన్నాడు.

కోరుట్లలో దేవదాస్ సారు నాలుక కింద సూది పొడిచాడు. మొద్దుబారాక చిన్న గాటు పెట్టాడు. ఉప్పటి నీళ్లు నోటి నిండా వచ్చాయి. ట్రేలో టక్కుమని చప్పుడైంది. బియ్యపు గింజంత పసుపుపచ్చటి రాయి. ఆయన దాన్ని శ్రావణంతో నొక్కి పగలగొట్టాడు. నడుమ వెంట్రుకంత సన్నగా ఏదో ఉంది. బాపును పిలిచి దీపం కింద చూపించాడు.

బాపు దాన్ని గోటి మీద పెట్టుకొని వెలుతురుకు ఎత్తాడు. షెడ్డులో తెగిన పోగు ఏ కండెదో చూసే తీరులోనే చూశాడు.

"మాదే సారూ" అన్నాడు. "లంగాగుడ్డ నూలు."

*

పది రోజులు గాటు మానేదాకా గంజే తాగాను. పదకొండో రోజు బాపమ్మే వెళ్లి మామిడికాయ తెచ్చి పప్పు వండింది. కారం తక్కువ, పులుపు ఎక్కువ. "సూద్దాం మీ డాక్టర్ సంగతి" అంది గానీ, ముద్ద తనే కలిపింది.

అందరూ నా చుట్టూ కూర్చున్నారు. ఎవరూ తమ కంచంలో చెయ్యి పెట్టలేదు. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. దవడల మూలలు జివ్వుమన్నాయి. నొప్పి వస్తుందని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బాపు వంగి నా ఎడమ దవడనే చూస్తున్నాడు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. శంకరయ్య సేటు.

సేటు గుమ్మంలోకి వస్తే బాపు లేచి నిలబడేవాడు. తింటున్నా లేచేవాడు, జ్వరంతో పడుకున్నా లేచేవాడు. ఆ రోజు లేవలేదు. ఆయన వచ్చినట్టు తెలిసే లేవలేదు.

"ఏం వెంకటేశం, పిల్ల నెల సంది అస్తలేదు. పక్కన చెయ్యి లేకుంటె నాలుగు సాంచెలు ఎట్ల నడుస్తయ్?"

"రెండే నడుపుత సేటు."

"రెండిట్ల ఏం మిగుల్తది? కాగితానికి భయపడ్డవా? అన్నలు గింతదూరం అస్తరా?"

"అన్నలకు భయపడి ఇన్నొద్దులు దాసిన. ఇగ దాసేది లేదు. పిల్ల సాంచెల మీదికి రాదు."

సేటు ఇంకేదో అనబోయాడు. బాపు నా దవడ మీదినుంచి చూపు తిప్పకుండానే చేయి ఎత్తి ఆపాడు.

"జర ఆగు సేటూ. బిడ్డ తింటున్నది."

సేటు గుమ్మంలోనే నిలబడ్డాడు. బాపమ్మ రెండో ముద్ద అందించింది. నొప్పి రాలేదు. ఆ సంగతి నాకప్పటికే తెలిసిపోయింది. అయినా చెప్పకుండా, సేటును గుమ్మంలోనే నిలబెట్టి, ఆ ముద్దను చాలాసేపు నమిలాను.